వెనక ఎక్కినవాళ్ళు

కొత్తపేట,
18-7-2011, సోమవారం

చిరంజీవి పట్టాభికి,

అక్క దీవెనలు. మరదలు ఉదయలక్ష్మి, మేనకోడలు సింధు, నేను ముగ్గురం ఆరోగ్యంగానే ఉన్నాం. నాగపూర్‌లో వానలు గట్టిగా పడుతున్నాయని టీవీలో చూశాను. ఆ కోల్డ్ స్టోరేజీ చలికి నీ మెడనొప్పి తిరగబెట్టకుండా మఫ్లరు చుట్టుకుంటున్నావని అనుకుంటున్నాను.

ఫోన్లో చెబితే సగం విని, సరే అక్కా నీ ఇష్టం అంటావు. ఇది నా ఇష్టానికి వదిలేసే సంగతి కాదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

పికప్ బండి నాకూ డ్రైవరు శైలేందర్‌కూ అప్పగించి వెళ్ళావు. దాని ఇన్సూరెన్సు ఎప్పటితో అయిపోతుందో చెప్పి వెళ్ళలేదు. మొన్న కాగితాలు సర్దుతుంటే కనిపించింది, గడువు దాటి అప్పటికే నాలుగు రోజులు. శైలేందర్‌ను అడిగితే "సార్ కట్టిండనుకున్న అమ్మా" అన్నాడు. నువ్వేమో నేను కడతాననుకున్నావు. నాలుగు రోజులు బండి గడ్డిఅన్నారం మార్కెట్‌కీ ఎల్బీనగర్‌కీ ఏ రక్షణా లేకుండా తిరిగింది. తెలిసిన క్షణం నుంచి ఇంటి ముందే నిలబెట్టించాను. "గిట్ల నిలబెడితే కిరాయి ఎవరిస్తరమ్మా, దేవుడా?" అని శైలేందర్ గొణిగాడు. దేవుడు ఇవ్వడులే కానీ రెండు రోజులు ఆగు అన్నాను.

ఇన్సూరెన్సు వాళ్ళ కోసం మూడు చోట్లకు తిరిగాను. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద మిఠాయి కొట్టు పైన ఒకటి, చైతన్యపురిలో ఒకటి, ఎల్బీనగర్‌లో ఒకటి. మోకాళ్ళు పట్టేశాయి కానీ కొంత అర్థమైంది. అర్థమైనంత రాస్తాను.

అన్నిటికన్నా తక్కువది చూసి కట్టెయ్యి అన్నావు. అది థర్డ్ పార్టీ. చట్టం ప్రకారం అది లేనిదే బండి రోడ్డెక్కకూడదు. మన బండి వల్ల రోడ్డు మీద ఇంకొకరికి దెబ్బ తగిలితే వాళ్ళకు కంపెనీ ఇస్తుంది. మన బండికి ఏం జరిగినా మనకు పైసా రాదు. రెండోది ఫుల్ ఇన్సూరెన్సు. అందులో మన బండి కూడా ఉంటుంది. దొంగతనం, నిప్పు, వరద, గుద్దుకోవడం, ఇంకా అల్లర్లు, సమ్మెలు. ఆ చివరి రెండు మాటలూ మరీ చిన్న అక్షరాల్లో ఉంటే భూతద్దం పెట్టి చదివాను. ఈ సంవత్సరం మనకు కావలసినవి అవే కదా. వారానికొక బంద్, ఏ మూల ఏ అద్దం పగులుతుందో తెలియదు. అందుకని ఫుల్లే కట్టాను. నువ్వు చెప్పినదానికి రెట్టింపు కన్నా కొంచెం తక్కువైంది. కోప్పడకు.

తక్కువలో రావడానికి చేయగలిగినది చేశాను. మూడు చోట్లా మూడు ధరలు చెప్పారు. ఒకటే బండి కదా, ఈ తేడా ఎందుకు అని అడిగితే చైతన్యపురి ఆయన విసుక్కున్నాడు. ఇంటికి తెచ్చుకుని కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది. ఆయన బండి విలువ తగ్గించి రాశాడు. రేపు బండి కాలిపోతే ఆ తగ్గించిన విలువే చేతికి వస్తుంది. అలాంటి చవక మనకొద్దు. పోయిన సంవత్సరం నువ్వు కంపెనీని ఏమీ అడగలేదు గనుక మనకు తగ్గింపు ఉందట. గడువు దాటిన తొంభై రోజుల్లో కడితే అది పోదు. ఆ ముక్క చెప్పినవాడు ఎల్బీనగర్ ఏజెంటు ఒక్కడే. అక్కడే కట్టాను.

ఆయన పేరు జోగారావు గారు, తణుకు మనిషి. నేను షరతులన్నీ చదువుతూ కూర్చుంటే చూసి, "అక్కయ్యగారూ, పదిహేనేళ్ళ నా సర్వీసులో పాలసీ మొత్తం చదివినవాళ్ళు మీతో ఇద్దరండి. ఆ రెండో ఆయన లాయరండి" అన్నారు.

గడువు దాటింది గనుక బండికి ఫోటోలు తీశాకే పాలసీ ఇస్తారు. ఆయన కెమెరాతో మన ఇంటికి వచ్చి నంబరు ప్లేటు దగ్గర ఆగిపోయారు. నీకు తెలుసో లేదో, శైలేందర్ ఏపీ అన్నచోట టీజీ అని కాగితం అంటించాడు. రోడ్డు మీద సగం బండ్లు అలాగే తిరుగుతున్నాయి. "ఆర్సీలో ఏపీ, ప్లేటు మీద టీజీ. నేను ఏ రాష్ట్రం బండికి పాలసీ రాయాలయ్యా?" అని జోగారావు గారు అడిగారు. "రాష్ట్రం ఏదైనా బండి గిదే గద సార్. గది పీకినమంటే ఒక్క అద్దం మిగలది" అని శైలేందర్. "అద్దం పోతే కంపెనీ ఇస్తుందయ్యా, నా ఏజెన్సీ పోతే ఎవరిస్తారు?" అని ఆయన. ఇద్దరూ గొంతు పెంచుతుంటే నేను తడిబట్ట తెచ్చి కాగితం నానబెట్టి తీసేశాను. ఫోటోలు అయ్యాక శైలేందర్ వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చి మైదాపిండి ఉడకబెట్టి ఇమ్మని ఉదయలక్ష్మిని అడిగాడు. ఇచ్చింది. మళ్ళీ అంటించుకున్నాడు.

డ్రైవరుకూ ఇద్దరు హమాలీలకూ విడిగా కొంచెం కట్టాను. మార్కెట్‌కి వచ్చే ఆడవాళ్ళు దారిలో చెయ్యెత్తుతుంటారు, వాళ్ళకూ ఏమైనా కట్టవచ్చా అని అడిగాను. జోగారావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఇది సరుకు బండండి. వెనక ఎక్కినవాళ్ళకి మీరు ఎంత కట్టినా ఏమీ రాదండి. ఎక్కించకండి, అంతే" అన్నారు. ఇంటికి వచ్చి ఆ మాట శైలేందర్‌కు రెండుసార్లు చెప్పాను. "సమజైందమ్మా. మా అమ్మ చెయ్యెత్తినా ఆపను" అన్నాడు.

దీన్ని వాడే అవసరం రాకూడదని అమ్మవారికి దండం పెట్టుకుని పాలసీ బీరువాలో పెట్టాను. వేళకు తిను.

దీవెనలతో,
అక్క
శేషారత్నం


కొత్తపేట,
29-9-2011, గురువారం

చిరంజీవి పట్టాభికి,

దీవెనలు. ఉదయలక్ష్మి ఫోన్లో చెప్పినదాంట్లో నీకు సగం వినిపించలేదట. అందుకే రాస్తున్నాను.

సమ్మె మొదలై ఇవాళ్టికి పదిహేడు రోజులు. బస్సులు లేవు, సింధుకు బడి లేదు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. దిల్‌సుఖ్‌నగర్‌లో నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. సాయంత్రం అక్కడే ఆడపిల్లలు బతుకమ్మ ఆడుతున్నారు. మనల్ని ఎవరూ ఏమీ అనలేదు, ఆ భయం పెట్టుకోకు.

మంగళవారం పొద్దున బండి బాటసింగారం తోటల నుంచి జామకాయలతో వస్తోంది. హయత్‌నగర్ డిపో దగ్గర ఆడవాళ్ళు ఆరుగురు ఎక్కారు. గడ్డిఅన్నారం మార్కెట్‌లో కాయ ఏరే పనివాళ్ళు. బస్సుల్లేక వారం నుంచి అంత దూరం నడిచి వస్తున్నారు. ఎండెక్కాక చేరితే ఆ రోజు పని ఉండదు, కూలీ ఉండదు.

ఎల్బీనగర్ దగ్గరకు వచ్చేసరికి పక్క రోడ్డు నుంచి జెండాలతో మోటారు సైకిళ్ళు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. శైలేందర్ బండిని పక్కకు తిప్పి బ్రేకు వేశాడు. వేయకపోతే ఇద్దరో ముగ్గురో చక్రాల కిందికి పోయేవారు. వెనక కాయల ట్రేల అంచున కూర్చున్న భూలక్ష్మి అనే ఆమె ఆ ఊపుకు రోడ్డు మీద పడింది. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. తలకు ఏమీ కాలేదు, అమ్మవారి దయ. ఆ జెండాలవాళ్ళే ఆమెను ఎత్తి, ఎవరిదో కారు ఆపి ఎక్కించారు. ఎల్బీనగర్‌లోనే ఎముకల దవాఖానలో చేర్పించాం. నిన్న ప్లేటు వేసి కుట్టారు.

బండికి గీత కూడా పడలేదు. నిప్పు, వరద, దొంగతనం, అల్లర్లు, అన్నిటికీ కట్టాం. వాటిల్లో ఏదీ జరగలేదు. జరిగినదానికి ఎంత కట్టినా రాదని జూలైలోనే నీకు రాశాను.

భూలక్ష్మికి నలభై దాటి ఉంటాయి. హయత్‌నగర్ పాత ఊళ్ళో ఉంటారు. భర్త పోచయ్య ఒక ఫంక్షన్ హాలు దగ్గర వాచ్‌మన్. కాయ చేతిలోకి తీసుకుని నొక్కి చూసి, పండినదేదో పచ్చిదేదో విడదీసే పని ఆమెది. ఆ చెయ్యే విరిగింది. మూడు నెలలు బరువు ఎత్తవద్దన్నాడు డాక్టరు. నేను పక్కన కూర్చుంటే, "జామకాయలు నలిగినయా అమ్మా, సార్ కోపానికొస్తడేమో" అని ఆమె నన్ను అడిగింది.

ఇంక రాయలేను. చెయ్యి లాగుతోంది.

అక్క


కొత్తపేట,
12-10-2011, బుధవారం

చిరంజీవి పట్టాభికి,

దీవెనలు. దసరా వెళ్ళింది. ఈసారి ఇంట్లో పిండివంటలు చేయలేదు, పాయసం ఒక్కటే నైవేద్యం పెట్టాను. నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను.

భూలక్ష్మి రోడ్డు మీద నడిచిపోతుంటే బండి తగిలిందని రాయించమన్నావు. అప్పుడు ఆమె బయటి మనిషి అవుతుంది, థర్డ్ పార్టీ కింద కంపెనీయే ఇచ్చుకుంటుంది, మన మీద పడదు అన్నావు. శైలేందర్‌ను నెలాఖరుకు మానిపించమన్నావు. వాళ్ళ వాళ్ళని బండి నిండా ఎక్కించుకుని ర్యాలీకి తోలుకుపోయి ఉంటాడు, నాకు తెలియదా అని కూడా రాశావు.

ర్యాలీకి కాదు పట్టాభీ. మార్కెట్‌కి. బండిలో మన జామకాయలే ఉన్నాయి.

నువ్వు చెప్పిన ఉపాయమే జోగారావు గారికీ తోచింది. నీ ఉత్తరం రాకముందే ఆయన ఫారం పట్టుకుని దవాఖానకు వచ్చారు. మంచం దగ్గర భూలక్ష్మి, పోచయ్య, శైలేందర్, నేను ఉన్నాం. ఆయన చిన్న గొంతుతో, "ఏమ్మా, నువ్వు రోడ్డు దాటుతున్నావు, బండి వచ్చి తగిలింది. ఇదొక్క ముక్క పోలీసుల దగ్గర చెప్పు. మిగతాది కోర్టులో మన లాయరు చూసుకుంటాడు. నాలుగు డబ్బులు వస్తాయి" అన్నారు.

పోచయ్య తల గోక్కున్నాడు. "మా ఆమె నడ్సినా, ఎగిరినా, ఇరిగింది చెయ్యే గద సార్. గట్ల రాస్తే ఒకటి, గిట్ల రాస్తే ఒకటా?" అని అడిగాడు.

"అదేనయ్యా పాలసీ అంటే" అన్నారు జోగారావు గారు.

శైలేందర్ అప్పటిదాకా గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. "నడిచేటామెను గుద్దిన అని రాస్తే కేసు నా మీదికొస్తది సార్. లైసెన్సు పోతది. అప్పుడు నేనేం నడపాలె, తోపుడు బండా? దానికి గూడ మీరే ఇన్సూరెన్స్ చేస్తరా?" అన్నాడు.

"చేస్తానయ్యా, నువ్వు ప్రీమియం కడితే" అన్నారాయన. అంత నొప్పిలోనూ భూలక్ష్మి ఫక్కున నవ్వింది. నవ్వితే చెయ్యి కదిలి మళ్ళీ మూలిగింది.

తర్వాత ఆమే అంది. "నడుస్తుంటే తగిలిందంటే నాకు పైసలొస్తయి, గీ పోరడు కోర్టుల నిలబడ్తడు. బండిల కూసొని పడ్డ అంటే పోరడు బతుకుతడు, నాకు పైసలు రావు. గంతే గద సారూ? నాతోటి ఉన్న అయిదుగురు కండ్లార చూసిన్రు. రేపటి సంది వాళ్ళ పక్కన కూసొనే కాయ ఏరాలె. ఇరిగింది నా చెయ్యి, నోరు కాదు. అబద్ధం నేను చెప్ప."

అలా అంటున్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు.

జోగారావు గారు చెడ్డవారని అనుకోకు. వరండాలోకి వచ్చాక, "ఆవిడ చేతికి నాలుగు రాళ్ళు రావాలనే కదండీ అక్కయ్యగారూ నా బాధ. నిజం రాస్తే నా చేతుల్లో ఏమీ లేదండి" అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఫారం వెనక్కి తీసుకువెళ్ళమన్నాను. తీసుకువెళ్ళారు.

దవాఖానవాళ్ళు చెప్పారని మొన్న స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వచ్చాడు. భూలక్ష్మి తనకు ఎవరి మీదా కేసు వద్దని వేలిముద్ర వేసింది. ఎడమచేతిది. సరుకు బండిలో మనుషులను ఎక్కించినందుకు జరిమానా ఉంటుందట, అది కట్టేస్తాను. బండి తరఫున ఎవరైనా చెప్పాలంటే నేను జరిగినది జరిగినట్టు చెప్పి సంతకం పెట్టాను. కనుక ఇప్పుడు నువ్వు కోరినట్టు మార్చి రాయడానికి వీల్లేదు. వీలున్నా రాయను.

దవాఖాన ఖర్చూ, ఆమె మళ్ళీ పనిలోకి పోయేదాకా ఆమె కూలీ, మీ బావగారి పెన్షన్‌లోంచి నేను ఇస్తాను. బండి సంపాదన ముట్టుకోను. ఇది నీ మీద విసుగుతో అంటున్నది కాదు.

ఇక శైలేందర్ సంగతి. అతను ఫోన్లో "తప్పైంది సార్" అన్నాడు, వాడే ఒప్పుకున్నాక నువ్వెందుకు వెనకేసుకొస్తావక్కా అని రాశావు. ఆ మాటను అంతటితో తీసుకోకు. నెలాఖరుకు మానిపించకు. వేరే డ్రైవరును పెట్టుకుంటే ఇంతకన్నా నెమ్మదైనవాడు దొరకవచ్చు. ఆ పూట బండిని అలా పక్కకు తిప్పగలిగినవాడు దొరకడు. నిన్నటి నుంచి అతను బండి తుడవడానికి మాత్రమే వస్తున్నాడు. తాళం అడగడం లేదు. నీ నోటి మాట కోసం చూస్తున్నాడు. ఇద్దరు చిన్నపిల్లలు అతనికి.

నాకు అలసటగా ఉంది నాయనా. పొద్దున స్తోత్రం మొదలుపెడితే మధ్యలో ఎక్కడో ఆగిపోతున్నాను. నలభై ఏళ్ళుగా నోటికి వచ్చినది. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటున్నాను.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

దీవెనలతో,
అక్క
శేషారత్నం

తాజా కలం: సంతకం పెట్టాక కవరు అంటించలేకపోయాను.

ఆ మంగళవారం బండిలో నేనున్నాను. ముందురోజు హయత్‌నగర్‌లో సూర్యప్రభ గారింట్లో పారాయణం. చీకటిపడితే అక్కడే ఉండిపోయి, పొద్దున బాటసింగారం నుంచి వచ్చే మన బండి ఎక్కాను. డిపో దగ్గర ఆడవాళ్ళు చెయ్యెత్తితే శైలేందర్ ఆపలేదు. ఆపమన్నది నేను. "వద్దమ్మా, ఎనక ఎక్కినోళ్ళకు ఏం రాదని మీరే గద రెండుసార్లు చెప్పిన్రు" అన్నాడు. నేనున్నాను కదా, ఆపు అన్నాను. నా మాట కాదనలేక ఆపాడు. పాలసీ అంతా చదివినదాన్ని ఆ బండిలో నేనొక్కదాన్నే. నువ్వు ఫోన్లో అరిచినప్పుడు అతను నా పేరు చెప్పలేదు. చెప్పవద్దని నేను అనలేదు. చెప్పమని కూడా అనలేదు. పదిహేను రోజులు అలాగే ఊరుకున్నాను.

ఇంకొకటి ఉంది. ముందు సీట్లో నా పక్కన ఇంకొకరికి చోటుంది. భూలక్ష్మి కిటికీ దగ్గరకు వచ్చి, "అమ్మా, నాకు మోకాళ్ళ నొప్పులు, ముందట కూసుంట" అని అడిగింది. ఆ చోట పారాయణంలో పెట్టిన కలశం, ప్రసాదం ఉన్న సంచి ఉంది. ఎవరికీ తగలకూడదని అక్కడ పెట్టుకున్నాను. ఒళ్ళో పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు. సంచి చూపించాను. ఆమె వెనక్కి పోయింది. అప్పటికే మిగతావాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. ఆమెకు అంచు మిగిలింది. ఆమె పడినప్పుడు నేను కళ్ళు మూసుకుని స్తోత్రం చదువుకుంటున్నాను.

ఈ సంగతి ఆమె ఇప్పటివరకూ ఎవరికీ చెప్పలేదు. కానిస్టేబుల్‌కు నేనే చెప్పాను. అతను పెన్ను ఆపి, అది కేసుకు సంబంధం లేదమ్మా, రాయనక్కరలేదు అన్నాడు. అందుకని నీకు రాస్తున్నాను.